స్కల్ప్టెడ్ ప్రిమ్‌ను అద్దంలో బింబంలా తిప్పడం: కుడివైపు హంసకు ఎడమవైపు జత కుదరడం లేదు

తోరణశాల (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఓపెన్‌సిమ్‌లో (సొంతంగా నడుపుకోగల త్రీడీ ఊహాలోకపు సాఫ్ట్‌వేర్) మా మిత్రులం కొందరం కలిసి నడుపుకుంటున్న చిన్న రీజియన్‌లో, అంటే ఆ లోకంలోని ఒక స్థలంలో, వరంగల్ కోటలో స్వయంభూ ఆలయ శిథిలాలకు నాలుగు దిక్కులా నిలిచి ఉన్న కాకతీయ తోరణాల నమూనాగా ఒక ద్వారాన్ని నిర్మిస్తున్నాము. స్తంభాలు, దూలాలు మామూలు ప్రిమ్‌లతోనే (పెట్టె, సిలిండర్ వంటి మూలాకారాలతోనే) సరిపోయాయి. తోరణం పైన ఇరువైపులా నిలిచే హంసల దగ్గర పని ఆగిపోయింది.

కుడివైపు హంసను త్రీడీ నమూనాల సాఫ్ట్‌వేర్ అయిన బ్లెండర్‌లో తయారు చేసి, 64 × 64 పిక్సెళ్ల స్కల్ప్ట్ మ్యాప్‌గా (ఆకారాన్ని రంగుల్లో దాచే చిత్రంగా) తీసి, ఆ చిత్రం నుంచి రూపం తీసుకునే స్కల్ప్టెడ్ ప్రిమ్‌గా అమర్చాను. శరీరానికి స్ఫియర్ స్టిచింగ్, వెనుక చుట్లు తిరిగిన తోకకు సిలిండర్ స్టిచింగ్ వాడాను (స్టిచింగ్ అంటే ఆ చిత్రం అంచులను కలిపే తీరు). మెడ మీద, తల మీద ఉన్న ఆభరణాలు వేరే చిన్న ప్రిమ్‌లు. అన్నీ కలిపి ఒక లింక్‌సెట్, అంటే ఒకే వస్తువుగా జోడించిన ప్రిమ్‌ల గుంపు. ఈ హంస పక్క నుంచి చూస్తే రెండు వైపులా ఒకేలా ఉండేదైతే నిలువు అక్షం మీద 180 డిగ్రీలు తిప్పి అటు పెట్టేవాణ్ణి. కానీ దాని మెడ కొద్దిగా ముందుకు, అంటే చూసేవారి వైపు తిరిగి ఉంది, తోక చుట్లు కూడా ముందు వైపునే చెక్కి ఉన్నాయి. తిప్పితే ముఖం, తోక నగిషీ రెండూ గోడ వైపు పోతాయి. కాబట్టి నాకు కావలసింది భ్రమణం కాదు, ప్రతిబింబం.

సైజు పెట్టెలో ఎక్స్ విలువకు ముందు మైనస్ పెడితే వ్యూయర్ (ఆ లోకాన్ని మనకు చూపే ప్రోగ్రాం) స్వీకరించదు. స్కల్ప్ట్ మ్యాప్‌లో ఎరుపు చానల్‌ను తిరగవేసి (ప్రతి ఎరుపు విలువను 255లోంచి తీసివేసి) చూస్తే హంస ఎడమవైపుకు తిరిగింది గానీ, దగ్గరి ఉపరితలం కనబడకుండా అవతలి గోడ లోపలి భాగం కనబడుతోంది. అదే చిత్రాన్ని అడ్డంగా తిప్పితే ఆ లోపం పోయింది, అయితే ముక్కు పైభాగపు గీత, తోక చుట్ల అంచులు కాస్త మొద్దుబారాయి. రెండు హంసలనూ పక్కపక్కన పెడితే అవి ఒకే అచ్చులోంచి వచ్చినట్లు అనిపించడం లేదు.

దీనికి సరైన పద్ధతి ఏమిటి? లింక్‌సెట్‌లోని మిగతా ప్రిమ్‌ల కోణాలను కంటితో చూసి సరిచేయడం తప్ప దారి లేదా? ఇదే ద్వారానికి తర్వాత ఇద్దరు ద్వారపాలకులను కూడా చేయాలనుకుంటున్నాము, అందువల్ల పద్ధతి ముందే తెలుసుకోవడం అవసరం.

పిక్సెల్‌పొలం

మీరు పడుతున్న ఇబ్బందికి కారణం స్కల్ప్ట్ మ్యాప్ నిర్మాణంలోనే ఉంది. సెకండ్ లైఫ్ అనే ఊహాలోకంలో 2007లో స్కల్ప్టెడ్ ప్రిమ్‌లు వచ్చినప్పటి నుంచి సూత్రం ఒక్కటే. ఇంద్రధనుస్సు రంగులు కలగలిసినట్లు కనిపించే ఆ చిత్రం నిజానికి బొమ్మ కాదు, బిందువుల పట్టిక. ప్రతి పిక్సెల్‌లోని ఎరుపు విలువ ఎక్స్ స్థానాన్ని, ఆకుపచ్చ వై స్థానాన్ని, నీలం జెడ్ స్థానాన్ని చెబుతాయి. ఎరుపు విలువను 255తో భాగించి అందులోంచి 0.5 తీసివేస్తే ప్రిమ్ కేంద్రం నుంచి ఆ బిందువు ఎంత దూరంలో ఉందో వస్తుంది. దాన్ని ప్రిమ్ సైజుతో గుణిస్తే మీటర్లలో దూరం తెలుస్తుంది. ఒక పిక్సెల్‌లో ఎరుపు 200 అనుకోండి. ఎక్స్ దిశలో 2 మీటర్ల ప్రిమ్‌లో అది కేంద్రానికి 0.57 మీటర్ల దూరాన ఉంటుంది. దాన్ని తిరగవేస్తే 55 అవుతుంది, అప్పుడు బిందువు సరిగ్గా అంతే దూరంలో అవతలి పక్కకు చేరుతుంది. కాబట్టి ఎరుపు చానల్‌ను తిరగవేయడం వరకు మీరు చేసింది గణితపరంగా సరైనదే.

ఇక ఉపరితలం లోపలిది బయటికి ఎందుకు వచ్చిందో చూద్దాం. వ్యూయర్ పక్కపక్క పిక్సెళ్లను కలుపుతూ త్రిభుజాలు అల్లుతుంది. ఆ త్రిభుజం మూలలు ఏ వరుసలో తిరుగుతున్నాయన్న దాన్నిబట్టే ఏ ముఖం బయటిదో నిర్ణయిస్తుంది, రెండో ముఖాన్ని అసలు గీయదు. ప్రతిబింబంలో సవ్యదిశ అపసవ్యదిశ అవుతుంది గనుక ప్రతి త్రిభుజమూ వెనక్కి తిరుగుతుంది. ఒక్క అక్షాన్ని తిరగవేసినప్పుడల్లా ఇది తప్పదు. దాన్ని సరిచేయడానికి పిక్సెళ్ల వరుసను కూడా అడ్డంగా తిప్పాలి. మీరు అదీ చేశారు. అయినా అంచులు మొద్దుబారడానికి వేరే కారణం ఉంది, దీన్ని చాలామంది గమనించరు.

64 పిక్సెళ్ల వెడల్పున్న మ్యాప్ నుంచి వ్యూయర్ అత్యధిక వివరంతో గీసేటప్పుడు కూడా 33 నిలువు వరుసల బిందువులనే తీసుకుంటుంది. అవి 0, 2, 4 అలా 62 వరకు ఉన్న సరి సంఖ్యల వరుసలు. చివరిది స్ఫియర్, సిలిండర్, టోరస్ రకాలలో మళ్లీ 0 దగ్గరికే చుట్టుకుంటుంది. బేసి వరుసల్లో ఏముందో దానికి అక్కరలేదు. మ్యాప్‌ను తీసి ఇచ్చే ఎక్స్‌పోర్టర్లు చాలావరకు అసలు బిందువులను సరి వరుసల్లో ఉంచి, బేసి వరుసలను ఇరుపక్కల సగటుతో నింపుతాయి. మీరు చిత్రాన్ని అడ్డంగా తిప్పినప్పుడు 63వ వరుస 0 స్థానానికి, 61వ వరుస 2వ స్థానానికి వచ్చాయి. అంటే వ్యూయర్ ఇప్పుడు మీ అసలు బిందువులకు బదులు సగటు బిందువులను చదువుతోంది. ముక్కు గీత మొద్దుబారింది అందుకే.

చిత్రంలోనే సరిచేయాలంటే, అడ్డంగా తిప్పిన తర్వాత మొత్తం చిత్రాన్ని ఒక్క పిక్సెల్ కుడికి జరిపి, కుడి అంచు దాటిన వరుస ఎడమ అంచుకు చుట్టుకునేలా చేయాలి. బొమ్మలు దిద్దే ప్రోగ్రాం గింప్‌లో లేయర్ మెనూలోని ఆఫ్‌సెట్ ఆ పని చేస్తుంది. ఎక్స్ వద్ద 1 ఇచ్చి, ర్యాప్ ఎరౌండ్ ఎంచుకోండి. అప్పుడు సరి వరుసలు సరి స్థానాల్లోనే నిలుస్తాయి. ఇది చుట్టుకునే రకాలకు మాత్రమే. ప్లేన్ స్టిచింగ్‌లో రెండు అంచుల వరుసలను విడిగా సరిచేసుకోవలసి వస్తుంది.

అయితే మీకు ఈ శ్రమ ఏదీ అవసరం లేదు. ఎడిట్ విండోలో ఆబ్జెక్ట్ ట్యాబ్‌లో, స్కల్ప్ట్ టెక్స్చర్ కింద స్టిచింగ్ రకం దగ్గరే మిర్రర్, ఇన్‌సైడ్ ఔట్ అని రెండు చెక్‌బాక్స్‌లు ఉంటాయి. కుడి హంసను కాపీ చేసి, పాత మ్యాప్‌ను అలాగే ఉంచి, మిర్రర్‌కు టిక్ పెట్టండి. వ్యూయర్ ఎక్స్ విలువల గుర్తు మార్చడమే కాక, వరుసలను వెనక నుంచి చదువుకుంటుంది. పైగా అదే సరి వరుసలను చదువుతుంది గనుక ఒక్క బిందువు కూడా మారదు. స్క్రిప్టు ద్వారా పెట్టేవారు స్టిచింగ్ రకం సంఖ్యకు 128 కలిపితే చాలు. స్ఫియర్ 1 గనుక 129, సిలిండర్ 4 గనుక 132. ఇన్‌సైడ్ ఔట్‌కు 64. ఎరుపు మాత్రమే తిరగవేసిన మీ మొదటి చిత్రం ఇంకా ఉంటే, దానికి ఇన్‌సైడ్ ఔట్ ఒక్కటే టిక్ పెట్టి చూడండి, అది కూడా సరిగ్గా కనబడుతుంది. రెండు చెక్‌బాక్స్‌లకూ కలిపి టిక్ పెడితే మాత్రం ప్రతిబింబమే లోపలిది బయటికి వచ్చి కనబడుతుంది.

గింప్‌గడప

పై సమాధానంలో చెప్పిన చెక్‌బాక్స్ పద్ధతే ఉత్తమం. అయితే చిత్రాన్నే మార్చవలసిన సందర్భాలు కొన్ని ఉంటాయి. ఎడమ హంస మెడను తర్వాత వేరుగా సవరించదలిస్తే ఆ రూపానికి సొంత మ్యాప్ ఉండక తప్పదు. అలాంటప్పుడు రెండు జాగ్రత్తలు పాటించండి.

మొదటిది, గింప్ 2.10లోనూ ఆ తర్వాతి వాటిలోనూ రంగుల మెనూలో ఇన్వర్ట్, లీనియర్ ఇన్వర్ట్ అని రెండు వేర్వేరు ఆదేశాలు ఉన్నాయి. చానల్స్ పట్టికలో ఆకుపచ్చ, నీలం చానల్‌ల ఎంపిక తీసివేసి, ఎరుపును మాత్రమే ఉంచి, మామూలు ఇన్వర్ట్ వాడాలి. లీనియర్ ఇన్వర్ట్ కాంతి తీవ్రతను లెక్కలోకి తీసుకుని తిరగవేస్తుంది గనుక 200 విలువ 55 కాకుండా వేరే సంఖ్య అవుతుంది, ఆకారం ఒక పక్కకు ఉబ్బిపోతుంది. ఫొటోకైతే ఆ తేడా అందంగానే ఉండవచ్చు, ఇక్కడ ప్రతి సంఖ్యా ఒక దూరం.

రెండోది, జేపెగ్‌గా ఎప్పుడూ దాచకండి. పీఎన్‌జీ గానీ టీజీఏ గానీ వాడండి. అప్‌లోడ్ చేసేటప్పుడు లాస్‌లెస్ కంప్రెషన్‌కు టిక్ పెట్టడం మరవకండి. చిన్న చిత్రాలకు మాత్రమే ఆ వెసులుబాటు ఉంది, స్కల్ప్ట్ మ్యాప్‌ల కోసమే అది ముఖ్యం. అది లేకపోతే కుదింపులో వచ్చే చిన్న చిన్న తేడాలు కుడి మ్యాప్‌లో ఒకలా, ఎడమ మ్యాప్‌లో ఒకలా పడతాయి; నునుపుగా ఉండవలసిన రొమ్ము భాగం గతుకులుగా కనబడుతుంది. సెకండ్ లైఫ్‌లో ఇంత చిన్న చిత్రం అప్‌లోడ్‌కు 10 లిండెన్ డాలర్లు పోతాయి గనుక, అక్కడ పనిచేసేవారు ముందుగా తమ సొంత ఓపెన్‌సిమ్‌లో పరీక్షించుకోవడం మంచిది. మీరు ఇప్పటికే అక్కడ ఉన్నారు కాబట్టి ఆ చింత లేదు.

సగం ఆకారాన్ని చేసి రెండో సగాన్ని ప్రతిబింబంగా అతికించదలిచిన వారికి మరొక మాట. 0 నుంచి 255 వరకు ఉన్న విలువల్లో సరిగ్గా నడిమి సంఖ్య లేదు. 127, 128ల మధ్యనే కేంద్రం ఉంది. 2 మీటర్ల ప్రిమ్‌లో ఒక్కో మెట్టు దాదాపు 8 మిల్లీమీటర్లు. అందువల్ల అతుకు గీతను కేంద్రంలో పెడితే సన్నని చీలిక కనబడుతుంది. అతుకు గీతను ఎరుపు 0 దగ్గర, అంటే ప్రిమ్ అంచున పెట్టి, రెండు ప్రిమ్‌లను అంచుకు అంచు ఆనించండి, చీలిక రాదు. తోరణం నడుమ సింహముఖం వంటిది పెట్టాలనుకుంటే ఇది మీకు పనికొస్తుంది.

కోణమానిని

లింక్‌సెట్ గురించి అడిగిన ప్రశ్నకు ఇంకా ఎవరూ సమాధానం ఇవ్వలేదు కాబట్టి రాస్తున్నాను. కంటితో చూసి సరిచేయవలసిన అవసరం ఏమాత్రం లేదు, దీనికి ఖచ్చితమైన నియమం ఉంది.

రూట్ ప్రిమ్‌ను, అంటే లింక్‌సెట్‌లోని ప్రధాన ప్రిమ్‌ను, దాని సొంత ఎక్స్ అక్షం మీదుగా ప్రతిబింబిస్తున్నాం అనుకుందాం. అప్పుడు దానికి జోడించిన ప్రతి చైల్డ్ ప్రిమ్ విషయంలో, రూట్‌తో పోల్చి చెప్పే స్థానంలో ఎక్స్ గుర్తు మాత్రమే మారుతుంది. వై, జెడ్ అలాగే ఉంటాయి. కోణాల్లో దీనికి సరిగ్గా ఎదురు: ఎక్స్ కోణం అలాగే ఉంటుంది, వై, జెడ్ కోణాల గుర్తులు మారతాయి. స్క్రిప్టులో క్వాటర్నియన్ రూపంలో (భ్రమణాన్ని నాలుగు సంఖ్యల్లో చెప్పే పద్ధతిలో) రాసేవారు మొదటి, చివరి సంఖ్యలను ముట్టుకోకుండా నడిమి రెండింటికీ మైనస్ పెట్టాలి. తలమీది శిఖ ప్రిమ్ స్థానం 0.42, 0.10, 0.65 అనీ, కోణాలు 20, 35, 310 అనీ అనుకోండి. ఎడమ హంసలో దాని స్థానం మైనస్ 0.42, 0.10, 0.65 అవుతుంది, కోణాలు 20, మైనస్ 35, మైనస్ 310 అవుతాయి. వ్యూయర్ 0 నుంచి 360 వరకే చూపుతుంది గనుక అవి 20, 325, 50గా కనిపిస్తాయి. ఆ ప్రిమ్ కూడా స్కల్ప్టెడ్ అయితే దానికీ మిర్రర్ టిక్ పెట్టాలి, అప్పుడే ఈ నియమం సంపూర్ణంగా వర్తిస్తుంది. లింక్‌సెట్ విడదీసి ఒక్కో ప్రిమ్‌కు లోకంతో పోల్చిన విలువలు ఇస్తే లెక్క చిక్కుపడుతుంది కాబట్టి, విడదీయకుండా స్క్రిప్టు ద్వారా స్థానిక విలువలనే మార్చండి.

మామూలు పెట్టె, సిలిండర్ ప్రిమ్‌లకు మిర్రర్ అనే చెక్‌బాక్సే లేదు. కోతలు, వంపులు లేని పెట్టె ఎటు చూసినా సౌష్ఠవంగానే ఉంటుంది గనుక దానికి స్థానం, కోణాలు మారిస్తే చాలు. మెలితిప్పిన స్తంభం ఉంటే ట్విస్ట్ విలువలు రెండింటికీ గుర్తు మార్చండి.

మిర్రర్ చెక్‌బాక్స్ ఎక్స్ అక్షానికి మాత్రమే పనిచేస్తుందని కొందరు దాన్ని లోపంగా భావిస్తారు. నిజానికి అది లోటు కాదు. వై దిశలో ప్రతిబింబం కావాలంటే ఎక్స్ ప్రతిబింబాన్ని జెడ్ చుట్టూ 180 డిగ్రీలు తిప్పితే అదే వస్తుంది. జెడ్ దిశలో కావాలంటే వై చుట్టూ 180 డిగ్రీలు తిప్పాలి. ఏ తలంలోని ప్రతిబింబమైనా ఒక్క ప్రతిబింబం, ఒక్క భ్రమణం కలిపితే దొరుకుతుంది.

తోరణశాల

ముగ్గురికీ కృతజ్ఞతలు. మిర్రర్ టిక్ పెట్టగానే శరీరం, తోక రెండూ సరిగ్గా కుదిరాయి, ముక్కు గీత మళ్లీ పదునుగా ఉంది. శిఖ, మెడ పట్టెడ కూడా కోణమానిని గారు చెప్పిన నియమంతో ఒక్కసారికే కూర్చున్నాయి.

ఇప్పుడు మిగిలింది టెక్స్చర్, అంటే ఆకారం మీద పరిచే చిత్రం. రాతి ఛాయలను, ఈకల గీతలను బ్లెండర్‌లో బేక్ చేసి (ఆ చిత్రంలోకే ముద్రించి) తెచ్చాను. ఎడమ హంసకు అదే టెక్స్చర్‌ను వేరుగా తిప్పి పెట్టాలా? ద్వారపాలకులను కూడా ఇదే పద్ధతిలో చేయవచ్చా, లేక మెష్‌కు (బయట తయారు చేసిన త్రిభుజాల జాలాన్ని నేరుగా అప్‌లోడ్ చేసే పద్ధతికి) వెళ్లాలా అన్నది కూడా చెప్పగలరు.

పిక్సెల్‌పొలం

తిప్పనక్కరలేదు. మిర్రర్ టిక్ ఉన్నప్పుడు వ్యూయర్ బిందువుల వరుసతో పాటు టెక్స్చర్‌ను కూడా అడ్డంగా తిప్పి పరుస్తుంది, కాబట్టి కన్ను, ఈకలు చోటు తప్పవు.

అయితే ఒక సంగతి మీ కంటికి తప్పకుండా పడుతుంది. బేక్ చేసేటప్పుడు ఒక పక్క నుంచి దీపం పెట్టి ఉంటే, కుడి హంసకు ఎండ ఒక దిక్కు నుంచి, ఎడమ హంసకు ఎదురు దిక్కు నుంచి పడుతున్నట్లు కనబడుతుంది. ఒకే తోరణం మీద రెండు సూర్యుళ్లు ఉన్నట్లు ఉంటుంది. జంటగా వాడే ఏ బొమ్మకైనా దిక్కు లేని ఛాయను, అంటే యాంబియెంట్ అక్లూజన్‌ను మాత్రమే బేక్ చేసి, ఎండ నీడల పని వ్యూయర్‌కు వదిలేయండి.

మెష్ విషయానికి వస్తే, సెకండ్ లైఫ్‌లో 2011 నుంచి మెష్ అందుబాటులో ఉంది, ఓపెన్‌సిమ్‌లోనూ ఉంది. ద్వారపాలకుల ముఖాలు, వేళ్లు, కిరీటం స్కల్ప్టెడ్ ప్రిమ్‌తో రావు. 32 × 32 చతురస్రాల జాలంతో, అంటే 2,048 త్రిభుజాలతో మొత్తం సరిపెట్టుకోవాలి, పైగా దూరం నుంచి చూసేవారికి అది ఇంకా కుంచించుకుపోతుంది. కాబట్టి ద్వారపాలకులకు మెష్ తప్పదు. అయితే మెష్‌కు రీజియన్‌లో మిర్రర్ చెక్‌బాక్స్ లేదు. కుడి, ఎడమ రూపాలను బ్లెండర్‌లోనే సిద్ధం చేసి రెండుసార్లు అప్‌లోడ్ చేయాలి. సందర్శకుడి వ్యూయర్ కూడా రెండింటినీ విడివిడిగా దించుకుంటుంది. హంసలకైతే ఒకే మ్యాప్ రెండింటికీ పనిచేస్తోంది కదా, వాటిని స్కల్ప్టెడ్ ప్రిమ్‌లుగానే ఉంచండి. పాతదన్న కారణంతో వాటిని మార్చనవసరం లేదని నా గట్టి అభిప్రాయం.

బ్లెండర్‌లో మెష్‌ను నకలు చేసి, ఎక్స్ మీదుగా మిర్రర్ చేసినప్పుడు ఆబ్జెక్ట్ స్కేల్ మైనస్ అవుతుంది. దాన్ని అలాగే అప్‌లోడ్ కోసం కొలాడా ఫైలుగా తీయకండి. ముందు స్కేల్‌ను అప్లై చేసి, ఓవర్‌లేలలో ఫేస్ ఓరియెంటేషన్ ఆన్ చేయండి. బయటి ముఖాలన్నీ నీలంగా ఉండాలి. ఎరుపు కనబడితే ఎడిట్ మోడ్‌లో అన్నీ ఎంచుకుని నార్మల్స్‌ను (ప్రతి ముఖం ఎటు చూస్తోందో చెప్పే దిశలను) బయటికి తిరిగి లెక్కించమని చెప్పండి. మీ మొదటి హంసలో లోపలి గోడ కనబడిన సమస్యే ఇది, మరో రూపంలో. నార్మల్ మ్యాప్ (చిన్న ఎత్తుపల్లాల భ్రమ కలిగించే చిత్రం) వాడుతుంటే దాన్ని తిప్పిన మెష్ మీద మళ్లీ బేక్ చేయడం క్షేమం; పాతదాన్నే వాడితే చెక్కిన గీతలు కొన్ని చోట్ల లోతుకు బదులు ఉబ్బుగా కనబడే ప్రమాదం ఉంది.

ప్రతిమాలక్షణం

సాంకేతిక విషయాలను పెద్దలు వివరంగా చెప్పారు. ద్వారపాలకుల సంగతి వచ్చింది గనుక శిల్పం వైపు నుంచి నేను చెప్పవలసినది ఉంది. హంసలను, మకరాలను నిస్సంకోచంగా ప్రతిబింబించవచ్చు. తోరణ శిల్పంలో అవి జంటలుగా ఎదురెదురుగా ఉండడం సంప్రదాయమే. మనుష్య రూపానికి, దేవతా రూపానికి వచ్చేసరికి కుడి ఎడమలకు అర్థం ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కు ఆ భేదం తెలియదు.

ద్వారపాలకుల జంటలో ఒకరి నడుము వంపు, గద వాలు ఎటు ఉంటే రెండోవారివి తరచు దానికి ఎదురుగా ఉంటాయి, అంతవరకు ప్రతిబింబం సరిపోతుంది. జంధ్యం మాత్రం ఇద్దరికీ ఎడమ భుజం మీదుగానే కుడి పక్కకు దిగాలి. మొత్తం మెష్‌ను మిర్రర్ చేస్తే రెండోవారి జంధ్యం కుడి భుజం మీదికి వస్తుంది, అంటే పితృకర్మలో వేసుకునే అపసవ్యం అవుతుంది. ఆలయ ద్వారం దగ్గర నిలబెట్టిన మూర్తికి అది తగదు. చూసేవారిలో పది మందికి తెలియకపోయినా, తెలిసిన ఒక్కరి కన్ను ముందుగా పడేది అక్కడే.

ద్వారం తర్వాత లోపల మూర్తులను కూడా చేస్తారేమో, వాటిని ఎట్టి పరిస్థితిలోనూ తిప్పకండి. విష్ణుమూర్తికి పై కుడి చేతిలో చక్రం, పై ఎడమ చేతిలో శంఖం ఉంటాయి. మిర్రర్ చేస్తే అవి తారుమారవుతాయి. నటరాజు ఎత్తిన పాదం ఎడమది. అర్ధనారీశ్వరుడిలో కుడి సగం శివుడు, ఎడమ సగం పార్వతి. వినాయకుడి తొండం ఎటు తిరిగిందన్నది పూజించేవారికి చిన్న విషయం కాదు. స్తంభం మీద శాసనాక్షరాలు చెక్కి ఉంటే అవి అద్దంలో రాతగా మారిపోతాయని వేరే చెప్పనక్కరలేదు. నేటి వేషంలో ఉన్న అవతార్లను తయారు చేసేవారికి కూడా ఇదే వర్తిస్తుంది: పైట ఎడమ భుజం మీద నుంచి కుడి భుజానికి పోతే మన ఇళ్లలో ఎవరైనా వెంటనే గుర్తుపడతారు.

చేయవలసిన పద్ధతి కష్టమైనది కాదు. జంధ్యం, ఆయుధాలు, అక్షరాలు ఉన్న పట్టీలు, ఒక చెవికి ఒకలా మరో చెవికి మరొకలా ఉండే కుండలాలు శరీరం నుంచి వేరే ఆబ్జెక్టులుగా చెక్కండి. శరీరాన్ని మాత్రమే మిర్రర్ చేసి, ఈ వస్తువులను తిప్పిన శరీరం మీద మళ్లీ కొత్తగా అమర్చండి. జంధ్యాన్ని ఒక కర్వ్‌గా గీసి ష్రింక్‌ర్యాప్ మోడిఫయర్‌తో ఒంటికి అంటుకునేలా చేస్తే రెండో మూర్తికి ఆ కర్వ్‌ను సర్దడం ఎక్కువ సేపు పట్టదు.

మరొకటి. చేతితో చెక్కిన జంటలు ఎప్పుడూ అక్షరాలా ఒకదానికొకటి ప్రతిబింబాలు కావు. పాలంపేటలో 1213 నాటి రామప్ప ఆలయపు మదనికలను చూడండి. ఒకే వరుసలో నిలిచినా ఏ ఇద్దరి భంగిమా, ఏ ఇద్దరి నగలూ ఒకటి కావు. అందుకని ప్రతిబింబాన్ని పని మొదలుపెట్టే ఆధారంగా తీసుకుని, రెండో ద్వారపాలకుడి కనుబొమ, కిరీటపు పూలవరస, కటి వస్త్రపు మడతలు కొద్దికొద్దిగా చేత్తో మార్చండి. స్కల్ప్ట్ మోడ్‌లో ఎక్స్ సిమెట్రీని ఆపివేసి ఈ పని చేయాలి, లేకపోతే ఒక పక్క చేసిన మార్పు రెండో పక్కా పడుతుంది.

తోరణశాల

టెక్స్చర్‌ను తిప్పకుండానే కన్ను, ఈకలు చోటికి చేరాయి. ఎండ దిక్కు తేడా కూడా పిక్సెల్‌పొలం గారు చెప్పినట్లే కనబడింది. యాంబియెంట్ అక్లూజన్‌తో మళ్లీ బేక్ చేస్తున్నాను. ద్వారపాలకుల జంధ్యం సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. మొదటి మూర్తి మెష్‌లో జంధ్యం, గద, కుండలాలు శరీరంతో కలిసిపోయి ఉన్నాయి కాబట్టి, మిర్రర్ చేయకముందే వాటిని విడదీసి జంధ్యాన్ని కర్వ్‌గా మళ్లీ గీస్తాము. ఒక చిన్న సందేహం మిగిలింది: గద వాలు ఎదురవుతుందన్నారు, అప్పుడు రెండోవారు గదను ఎడమ చేత్తో పట్టుకున్నట్లు అవుతుంది. అది సమ్మతమేనా?

ప్రతిమాలక్షణం

సమ్మతమే. ద్వారపాలకుల విషయంలో గద ద్వారానికి ఏ వైపున ఉంటుందన్నది జంట పొందికను బట్టి నిర్ణయమవుతుంది. ఇద్దరికీ గద కుడి చేతిలోనే ఉండాలన్న పట్టింపు పెట్టుకుంటే ద్వారం ఒక పక్కకు వాలినట్లు కనబడుతుంది. జంధ్యం ఒక్కటి ఎడమ భుజం మీద ఉండేలా చూసుకోండి, గదను మీ మెష్‌తో పాటే తిప్పేయండి.